అద్దాల మడుగు

మూడోసారి కూడా ఇస్తారి ఊపిరి బిగపట్టాడు.

బిగపట్టకూడదని అతనికి తెలుసు. పొద్దుటి నుంచి దేవదాస్ చెబుతున్నది అదొక్కటే. వీపు మీద గాలి సిలిండరు ఉంది, కళ్లకు నీళ్లు చొరబడని కళ్లద్దం ఉంది, నోట్లో రబ్బరు గొట్టం ఉంది. పది అడుగుల లోతు అద్దాల తొట్టిలో పీలుస్తూ వదులుతూ ఉండడమే పని. కానీ తల మునగ్గానే రొమ్ము దానంతటదే మూసుకుంది. లక్సెట్టిపేట దగ్గర గోదావరి మడుగుల్లో ముప్పై ఏళ్లుగా అతన్ని బతికించింది ఆ మూసుకోవడమే.

నిండు రొమ్ముతో ఒక్క ఉదుటున పైకి లేచాడు. అంచు మీద కూర్చున్న దేవదాస్ వంగి అతని భుజం పట్టుకున్నాడు. నావికాదళంలో పదిహేనేళ్లు సముద్రంలో మునిగి, విశాఖపట్నం నుంచి ఈ పని నేర్పడానికి వచ్చిన మనిషి. కోపం తెచ్చుకోడు. ఈసారి మాత్రం అతని పెదవులు పాలిపోయాయి.

"కింద పీల్చిన గాలి పైకొస్తుంటే ఉబ్బుతుందయ్యా. బిగపట్టుకుని లేస్తే ఊపిరితిత్తులు చిరిగిపోతాయి. అర్థమవుతోందా?"

"నాకైతుంది సారూ. దీనికే అయితలేదు." ఇస్తారి రొమ్ము మీద చేత్తో తట్టుకున్నాడు.

నలభై ఏళ్ల వయసులో నీళ్ల ముందు పసివాడు కావడం అతనికి ఒంటి మీద బట్ట జారినట్టుగా ఉంది. పని సంగతి చెప్పినప్పుడు భార్య పోచవ్వ నవ్వింది. బెస్తోనికి నీళ్లల్ల మునుగుడు నేర్పుతరా, జీతమిచ్చి మరీ, అంది. ఆ నవ్వులో ఆశ కూడా ఉంది. రెండేళ్లుగా మడుగుల్లో చేపల హక్కు వేలంపాట పాడుకున్న కాంట్రాక్టరుది. వల వేస్తే దొంగ. కరీంనగర్‌లో కొత్తగా కట్టిన ఈ చేపల అద్దాలింట్లో చేపలకు మేత వేసి, లోపలి నుంచి అద్దాలు తోమితే నెలకు ఆరువందలు, ఉండడానికొక గది. రేపే ప్రారంభం. సాయంత్రంలోగా నేర్చుకోకపోతే బొంబాయి నుంచి వేరే మనిషి వస్తాడని యజమాని దామోదర్‌రావు ముందే చెప్పాడు.

నాలుగోసారి దిగేటప్పుడు ఇస్తారి చేతులకు ఏదో ఒక పని కావాలనుకున్నాడు. నీళ్లలో ఉత్తుత్తి వల లాగడం మొదలుపెట్టాడు. బరువు వల లాగేటప్పుడు ఒక్కొక్క లాగుకూ నోట్లోంచి ఊపిరి దానంతటదే బయటికొస్తుంది. లేని వలను లాగాడు. బుడగలు పోయాయి. మళ్లీ లాగాడు. మళ్లీ పోయాయి.

అడుగున మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఒక బొచ్చె చేప పారిపోకుండా అతని కళ్లద్దం దాకా వచ్చి ఆగింది. అతనికి సంతోషం కలగలేదు. కోపం వచ్చింది. నిరుడు వానల్లో గోదావరిలో పడిన బొగ్గుబాయి కార్మికుణ్ని మూడు రోజులు వెతికాడు. ఒక్కో మునకకు రెండు నిమిషాలు. మూడో రోజు దొరికిన మొహాన్ని తల్లి గుర్తుపట్టలేదు. ఇంత గాలి ఇక్కడ తొట్టిలో చేపలకు మేత వేయడానికి ఉంది.

పైకి వచ్చేసరికి దామోదర్‌రావు నిలబడి ఉన్నాడు. సంబరంగా ఉన్నాడు.

"నేర్చినవట గదరా. శానా మంచిది. ఇగ విను. రేపు కలెక్టరొస్తుండు. నువ్వు ముందుగాల కాళ్లుచేతులు కొట్టుకోవాలె. తర్వాత బోర్లపడి పీనుగ లెక్క తేలాలె. జనం బెదిరినంక లేచి చెయ్యూపాలె."

ఇస్తారి కళ్లద్దం తీసి చేతిలో పట్టుకున్నాడు. బెస్తల ఇళ్లలో పసిపిల్లలను కూడా నీళ్ల మీద బోర్లా తేలనివ్వరు. శవాన్ని తీసిన రోజు పొయ్యి వెలిగించరు. తీసినందుకు కూలి అడగరు.

"దొరా, మేతేస్త. అద్దాలు కడుగుత. గా పీనుగ ఏశం మాత్రం ఎయ్య."

"నాటకమేరా."

"ఇరవై ముగ్గురిని తీసిన దొరా. ఒక్కలు నాటకమాడలే."

దామోదర్‌రావు గొంతు పెంచలేదు. గోదావరి ఒడ్డున బెస్తోళ్లకు కరువులేదనీ, చేసేదుంటే చేయాలనీ, లేకుంటే ఆ సామాను అక్కడ పెట్టి ఆరు గంటల బస్సెక్కాలనీ అన్నాడు.

బస్సు దిగగానే పోచవ్వ మొదట తన మొహం చూస్తుంది, తర్వాత చేతి సంచి చూస్తుంది. ఏమని చెప్పాలో ఇస్తారికి తోచలేదు. నాటకానికి ఒప్పుకుంటే ఏమని చెప్పాలో కూడా తోచలేదు. వీపు పట్టీల మీదికి చేతులు పోయాయి. విప్పలేదు. కళ్లద్దం పెట్టుకుని, రబ్బరు గొట్టం పళ్ల మధ్య బిగించి, దిగాడు.

తేలేదీ లేదు, బస్సెక్కేదీ లేదన్నట్టు అడుగున బాసింపట్టు వేసి కూర్చున్నాడు. పైన దామోదర్‌రావు, గాలి ఎంతసేపుంటదని దేవదాస్‌ను అడిగాడు. ముప్పావుగంట ఉండొచ్చన్నాడు దేవదాస్. పిలవమంటే, నీళ్లలో మాట వినబడదన్నాడు.

దామోదర్‌రావు మెట్లు దిగి వచ్చి ఉంగరంతో అద్దం మీద కొట్టాడు. చేపలన్నీ ఒక మూలకు చెదిరాయి. ఇస్తారి అతని కళ్లలోకి చూస్తూ ఊపిరి వదిలాడు. మళ్లీ పీల్చాడు.