ఒక్కో పిల్లకీ ఒక్కో ప్రణాళిక

ఆమెకున్న భయమల్లా ఒక్కటే: లాంగ్ బెల్ కొట్టాక అందరూ వెళ్ళిపోతే, చెవులు వినపడని తన కూతురు లోపల ఉండగానే ఎవరో తరగతి గదికి తాళం వేసేస్తారని.

పిల్లకు ఏడేళ్ళు. ఇంట్లో బుజ్జమ్మ అంటారు. ఈ ఏడేళ్ళూ ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చోలేదు పాపం, మూడు చట్టాలు చేసింది. మొదటిది, ఇలాంటి పిల్లల్ని వీలైతే బడిలో చేర్చుకోమంది. ఏ బడికీ వీలు పడలేదు. రెండోది, చేర్చుకుని తీరాలంది. వెంటనే చేర్చుకున్నారు, రిజిస్టర్లో. పిల్లను మాత్రం ఇంట్లోనే ఉంచుకోమన్నారు. ఏడాదంతా బుజ్జమ్మకు ఒక్క గైర్హాజరు కూడా పడలేదు. మూడోది, ఒక్కో పిల్లకీ విడిగా చదువు ప్రణాళిక రాసి, తల్లి సంతకం తీసుకుని, గదిలోనే కూర్చోబెట్టాలంది. అందుకే హెడ్మాస్టరుగారు ఆమెకు కబురు పెట్టారు.

"ఇక్కడ సంతకం పెట్టమ్మా. ఇన్‌స్పెక్టరుగారు వచ్చే వేళైంది."

ఆమె చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. ఏదైనా చదవాలంటే వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి. వేలు పెట్టింది. ఆయన గోడ గడియారం వంకా ఆమె వేలి వంకా మార్చి మార్చి చూశారు.

"అంతా బాగానే ఉందిలే, కానియ్యి."

"సార్, ఇందులో మా పిల్లకి కళ్ళు కనపడవని రాశారు. పాఠాలు బిగ్గరగా చదివి వినిపిస్తారంట."

ఆయన గుమాస్తా వైపు చూశారు. గుమాస్తా తల గోక్కున్నాడు. "మొన్న ఆ చూపులేని పిల్లాడికి రాసింది బాగా కుదిరింది సార్. పదకొండు మందికీ అదే దించేశా."

"విడివిడిగా రాయమన్నారు కదయ్యా!"

"పదకొండు కాగితాలు సార్. దేనికదే."

హెడ్మాస్టరుగారు నవ్వు తెచ్చిపెట్టుకున్నారు. "చూడమ్మా, ఏదో ఒకటి లేదనేగా రాశాం. ఇప్పటికి పెట్టెయ్, తర్వాత దిద్దుకుందాం."

ఆమె పెన్ను తీసుకుని, సంతకం పెట్టే చోట వంకర అక్షరాలతో రాసింది: ‘ఈమెకు చెవులు వినపడవు. ముందు బెంచీ ఇవ్వాలి. బెల్లు కొట్టినప్పుడు భుజం తట్టి చెప్పాలి.’ ఆ కింద సంతకం పెట్టింది.

"ప్రభుత్వం కాగితం మీద నీ రాతలేంటమ్మా!"

"మా పిల్ల కాగితం కద సార్."

బయట జీపు ఆగిన చప్పుడైంది. ఇంకో కాగితం నింపే వ్యవధి లేదు. ఆయన పళ్ళు కొరుక్కుంటూ ముద్ర కొట్టేశారు.

ఇప్పుడు బుజ్జమ్మ ముందు బెంచీలోనే కూర్చుంటోంది. భుజం తట్టే పని ఎవరిదో మాత్రం ఏ చట్టమూ చెప్పలేదు. టీచరు గుమాస్తా పనంటుంది, గుమాస్తా టీచరు పనంటాడు. కుట్టుమిషన్ల షెడ్డులో ఐదైతే గానీ తల్లిని వదలరు. నాలుగింటికి మీరు ఆ బడి దారిన వెళ్తుంటే, రెండో తరగతి కిటికీలోంచి ఒక్కసారి తొంగి చూడండి. పిల్ల ఇంకా అక్కడే ఉంటే బయటినుంచి కేకలు వెయ్యకండి. లోపలికి వెళ్ళి భుజం తట్టండి.