వెల్డన్ చేతి తూటాలు

"నా పిండిజల్లెడ గరాజులోకి ఎలా వచ్చింది?" అని అడిగింది మార్వా.

వెల్డన్ పనిబల్ల మీంచి తల ఎత్తలేదు. "నడిచొచ్చుంటుంది."

జల్లెడ నిండా అక్రోటు పెంకుల పొట్టు. కాల్చిన తూటాల ఇత్తడి తొడుగుల్ని ఆ పొట్టులో వేసి గంటలకొద్దీ దొర్లిస్తే కొత్తవాటిలా మెరుస్తాయి. మెరిసిన తొడుగుల్ని పొట్టులోంచి వేరు చేయడానికి ఇంటాయన వంటింటి మీద పడ్డాడు.

"కడిగితే పోయేదానికి ఇంత రాద్ధాంతం దేనికి?"

"దీనికంటింది సీసం, వెల్డన్. పిల్లకి రొట్టెలో సీసం తినిపించాలనుంటే పిండి నువ్వే కలుపు."

"మా అమ్మా వంటింటి జల్లెడే ఇచ్చేది నాన్నకి. ఎప్పుడూ నోరెత్తలేదు."

"తెలుస్తూనే ఉంది, నిన్ను చూస్తుంటే."

ఆ పిల్లకి ఇరవై మూడేళ్లు. పేరు టారిన్. వచ్చే శనివారం క్లబ్బు పిస్తోలు పోటీలో తండ్రి చేసిన తూటాలతో దిగబోతోంది. ఆ సంగతి వెల్డన్ ఊరంతా చెప్పుకున్నాడు. ఆ చుట్టుపక్కల దుకాణంలో తూటాలు కొనడమంటే విందుకు పిలిచి బజారు కూర వడ్డించినట్టు. ఏడు వందల తూటాలు డబ్బాల్లో సిద్ధంగా ఉన్నాయి. వాటిలో కిందటి వారం కాల్చి చూసిన యాభైలో నాలుగు మొదటి దెబ్బకు పేలలేదు.

దానికి వెల్డన్ దగ్గర మూడు కారణాలున్నాయి. పిస్తోలు స్ప్రింగు వదులైంది. ప్రైమర్లు, అంటే తూటా అడుగున నిప్పు పుట్టించే చిన్న బిళ్లలు, నాసిరకానివి వచ్చాయి. ఆరోజు చలి ఎక్కువ. నాలుగో కారణం బల్ల ముందు కూర్చుని ఉన్నది గనుక దాన్ని ఆయన చూడలేడు.

మార్వా జల్లెడ పక్కన పెట్టి, డబ్బాలోంచి నాలుగు తూటాలు తీసి గాజుపలక మీద నిలబెట్టింది. మూడు నిటారుగా నిలిచాయి. నాలుగోది వేలు తగలగానే కాలు పొట్టిదైన కుర్చీలా ఊగింది.

"చూడు. దీని ప్రైమరు పూర్తిగా దిగలేదు. పిస్తోల్లో సూది కొట్టే మొదటి దెబ్బ దాన్ని దింపడానికే సరిపోతోంది. రెండో దెబ్బకి గానీ పేలదు."

"బల్ల వంకర."

"మిగతా మూడింటికీ లేని వంకర దీనికే వచ్చిందా? పైన మెరిపిస్తావు, ప్రైమరు కూర్చునే గుంటలో మసి మాత్రం గీకవు. ఇంకెలా దిగుతుంది?"

"ఇరవై రెండేళ్లుగా చేస్తున్నా మార్వా. నువ్వెన్ని చేశావు?"

ఆమె ఒక్కటీ చేయలేదు. కానీ తూటాలు చేసే మర పక్కన పడి ఉండే దాని పుస్తకాన్ని ఆ ఇంట్లో మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివింది ఆమె ఒక్కతే. వెల్డన్ దానిమీద కాఫీ కప్పు పెట్టుకునేవాడు.

తూటాల జబ్బుకు ఆయన కనిపెట్టిన మందు వేరే ఉంది. నెల రోజులుగా కూతురికి ఒకటే సాధన చేయించాడు. తుపాకి టిక్కుమని ఊరుకుంటే అడుగున అరచేత్తో ఒక్కటి కొట్టు, పైభాగాన్ని వెనక్కి లాగి వదులు, మళ్లీ కాల్చు. ఆలోచించకు, చెయ్యి దానంతటదే పోవాలి. తూటాను బాగుచేయడం కన్నా కూతుర్ని బాగుచేయడం సులువని తోచింది కాబోలు.

మధ్యాహ్నం ముగ్గురూ గుట్టల మధ్య ఉన్న క్లబ్బు మైదానానికి వెళ్లారు. వెల్డన్ గడియారం పట్టుకుని నిలబడ్డాడు. ఆరో తూటా టిక్కుమంది. టారిన్ కొట్టింది, లాగింది, కాల్చింది.

"సెకనున్నర! చూశావా?" అన్నాడు మార్వాతో, మురిసిపోతూ.

"ఆగి ముప్పై లెక్కపెట్టాలని రాసుంది పుస్తకంలో. ఆలస్యంగా పేలేవీ ఉంటాయట."

"పోటీలో ముప్పై లెక్కపెట్టేవాడికి పలక బలపం ఇచ్చి పంపిస్తారు."

పంతొమ్మిదో తూటాకు పెద్ద శబ్దం రాలేదు. సీసా బిరడా ఊడినట్టు 'టప్' అంది. గురి అట్ట మీద కొత్త చిల్లు పడలేదు. టారిన్ అరచెయ్యి అప్పుడే తుపాకి అడుగుకు తగిలింది, వేళ్లు పైభాగాన్ని పట్టుకున్నాయి.

"ఆపు!" అని మార్వా వేసిన కేకకు పక్క గట్టు దగ్గరివాళ్లూ ఆగిపోయారు.

"గడియారం నడుస్తోంది, లాగు!" అన్నాడు వెల్డన్.

టారిన్ లాగలేదు. మీట మీంచి వేలు తీసి, గొట్టం గుట్టవైపే ఉంచి అరనిమిషం నిలబడింది. తర్వాత తూటాలన్నీ తీసేసి, గొట్టాన్ని విడదీసి మార్వా చేతికిచ్చింది. మార్వా అందులోకి సన్నటి చెక్కపుల్ల దూర్చింది. పుల్ల సగం దాకా వెళ్లి ఆగింది.

గుండు అక్కడే ఇరుక్కుని ఉంది. ఆ తూటాలో తుపాకిమందు పడనే లేదు. ఉత్త ప్రైమరు దాన్ని అంతదాకా తోసింది. వెనక ఇంకో తూటా పేలి ఉంటే గొట్టం టారిన్ చేతుల్లోనే చీలేది.

టారిన్ తన రెండు అరచేతుల్నీ ఎవరివో అన్నట్టు చూసుకుంది. వెల్డన్ మాత్రం గడియారాన్ని చూశాడు.

"వెయ్యిలో ఒకటి అలా వస్తుంది. ఎవరికైనా వస్తుంది."

"కిందటాదివారం టీవీలో ఆట చూస్తూ గరాజులో గంతులేశావే, అప్పుడు మందు పోస్తున్న మర పిడి మధ్యలో వదిలేశావు. మళ్లీ ఎక్కణ్ణించి మొదలెట్టావో గుర్తుందా?" అంది మార్వా.

ఆయనకు స్కోరు గుర్తుంది.

మర్నాడు చర్చి అయ్యాక మధ్యాహ్న భోజనానికి వెల్డన్ తమ్ముడు లైల్ వచ్చాడు. అన్న ఏమన్నా తల ఊపడం లైల్‌కి చిన్నప్పటి నుంచీ ఉన్న ఉద్యోగం. గొడ్డుమాంసం వేపుడూ బంగాళాదుంపల ముద్దా నలుగురి మధ్యా చేతులు మారుతున్నాయి.

"అన్నీ తూకం వేస్తా," అన్నాడు వెల్డన్. "మందు లేనిది తేలిగ్గా ఉంటుంది. తీసి పారేస్తా. తేలిపోయింది."

"తేలిపోయింది వదినా," అన్నాడు లైల్.

"లైల్, మందు ఎంతుంటుంది? చిటికెడు. ఇత్తడి తొడుగుకీ తొడుగుకీ మధ్య తేడా అంతకన్నా ఎక్కువ. పొద్దున ఇరవై ఖాళీ తొడుగులు తూచి చూశా. మీ అన్న త్రాసుకి మందు లేని తూటా తెలీదు, బరువైన తొడుగే తెలుస్తుంది."

లైల్ సగం ఊపిన తల ఆపేశాడు.

"సరే, కాల్చేది నువ్వూ కాదు, నేనూ కాదు," అన్నాడు వెల్డన్ మొహం ఎర్రబడి. "దాన్నే అడుగు. నాన్న తూటాలు పట్టుకెళ్తుందో, ఊరంతా నవ్వేలా దుకాణం డబ్బా పట్టుకెళ్తుందో."

మార్వా అడగలేదు. ఎంత అడగాలనిపించినా గరిటె వదల్లేదు. తను చెప్పి మానిపిస్తే అది అమ్మ మాటే అవుతుంది, పిల్ల మాట కాదు.

టారిన్ నోట్లోది మింగి మంచినీళ్లు తాగింది.

"శనివారం దుకాణం తూటాలతోనే కాలుస్తా నాన్నా. పొద్దున క్లబ్బు వాళ్లకి ఫోన్ చేసి చెప్పా, ఎందుకో కూడా చెప్పా. ఆ ఏడొందలూ నువ్వు ఒక్కొక్కటీ విప్పి చూసేదాకా, టీవీ లేకుండా, నీ చేతి తూటా నా పిస్తోల్లోకి రాదు."