గంగరాజు కోసిన వల

గంగరాజు వలను బారలు బారలుగా ఒడ్డుకు లాగుతూ, చిక్కిన కానాగంత చేపలను విడిపించి బుట్టలో వేస్తున్నాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ఉప్పునీటికి అరచేతులు పగిలాయి, ఎడమ భుజం కాస్త కిందికి వాలింది. ఉప్పాడ దగ్గర ఆ ఒడ్డున అతనిలాంటివాళ్ళు వందమంది ఉంటారు. పిఠాపురం వీధుల్లో చేపలమ్మే అతని భార్య పాపాయి బుట్ట పట్టుకుని పక్కనే నిలబడింది.

వల చివర బరువుగా తగిలింది. నురుగులోంచి బూడిదరంగు కలిసిన ఆకుపచ్చ వీపు పైకి తేలింది.

తాబేలు. మెడ చుట్టూ నైలాను దారం బిగిసిపోయింది. కదలడం లేదు.

పన్నెండేళ్ళ కిందట, తొంభైమూడులో, ఇలాంటిదాన్నే కోసి మాంసం అమ్ముతూ దొరికిపోయాడు. ఏడాది జైలు. తల్లి పోతే కడసారి చూపు కూడా దక్కలేదు. తిరిగొచ్చాక ఆ ఇంట్లో తాబేలు మాట ఎవరూ ఎత్తలేదు. మొన్న అటవీశాఖవాళ్ళు ఊళ్ళో మైకు పెట్టి మరీ చెప్పారు: చట్టం మారింది, చంపితే మూడేళ్ళకు తక్కువ ఉండదు, ఏడేళ్ళ దాకా పడొచ్చు.

"చచ్చినట్టుంది. ఇసకలో పాతేద్దాం. ఎవరూ చూళ్ళేదు" అంది పాపాయి గొంతు తగ్గించి.

గంగరాజు దాని ముక్కు దగ్గర వేలు పెట్టాడు. సన్నగా ఊపిరి తగిలింది.

"బతికే ఉందే. పాతితే నేను చంపినట్టే."

"వల కోసేస్తే రేపు దేంతో వేటకెళ్తావు? మొన్నేగా కొత్తది కట్టుకున్నావు!"

అతను మొలలోంచి కత్తి తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, మెడకీ దారానికీ మధ్య వేలు దూర్చి కోయసాగాడు.

"ఏయ్! కత్తి కింద పడెయ్!"

ఒడ్డు వెంట గస్తీ తిరిగే ఫారెస్టు గార్డు వీరబ్రహ్మం పరుగెత్తుకొస్తున్నాడు. గంగరాజు తలెత్తి చూశాడు. ఆనాడూ ఇంతే, చేతిలో కత్తి, ముందు తాబేలు. పారిపోదామనిపించింది. చెయ్యి మాత్రం ఆగలేదు.

"కోస్తున్నది వలండీ, దాన్ని కాదండీ! ఇంకొక్క దారం ఉంది బాబుగారూ."

వీరబ్రహ్మం వంగి చూశాడు. కొత్త వల నిలువునా తెగి ఉంది. టోపీ పక్కన పడేసి తాబేలు ముందుకాలు ఎత్తిపట్టుకున్నాడు.

"కానివ్వండి పెద్దాయనా, నేను పట్టుకుంటాను."

దారం తెగింది. తాబేలు బుస్సుమని ఊపిరి వదిలింది.

"కేసు రాస్తారాండి?" అడిగాడు గంగరాజు.

"పొరపాటున పడినదాన్ని విడిపిస్తే కేసెందుకండీ? పేరు మాత్రం చెప్పండి. విడిపించినవాళ్ళ పేర్లు ఆఫీసుకి పంపుతాను."

గంగరాజు తన పేరు చెప్పాడు. చెప్పాక గట్టిగా నవ్వేశాడు. పాపాయి కొంగుతో మొహం తుడుచుకుని, "పదయ్యా, చద్దన్నం తిందువుగాని" అంది.

తాబేలు మెల్లగా పాకి, మూడో కెరటంలో కలిసిపోయింది.

తెగిన వలకన్నులో, దాని వీపుకి అంటుకుని పెరిగి, ఊడిపడిన చిన్న తెల్లటి గుల్ల ఒకటి తడిగా మెరుస్తోంది.