తియ్యటి కుంచె

అగ్గిపెట్టెంత అట్టముక్క మీద మనిషి మొహాన్ని కనురెప్పల వెంట్రుకలతో సహా దించేయగల మొనగాడు తెల్ల మాస్టారు. ఆ గొప్ప ఎవరూ కాదనరు. కాదనడానికి ఆయన సందిస్తేగా! కళ్ళు తెరిచింది మొదలు తన గొప్ప తానే చెప్పుకుంటుంటే ఇక మిగతావాళ్ళకి పనేముంది?

అందులో సగం గొప్ప సీసపు తెలుపుది. సీసంతో చేసే ఆ తెల్లపొడిని బంకనీళ్ళు పోసి చేత్తోనే నూరుకుంటాడు. అందరూ దాన్ని వదిలేసి కొత్తరకం తెలుపుకి మారి ఏళ్ళయింది. "అది సున్నంరా! గోడలకేసుకోండి. నా తెలుపైతే గీత తెగకుండా సాగుతుంది, బుగ్గ మీద పెడితే లోపల నెత్తురున్నట్టే ఉంటుంది" అని శిష్యుల్ని దులిపేస్తాడు. మరి డబ్బా మీద పుర్రె బొమ్మ? అది చేతకానివాళ్ళని బెదిరించడానికట.

పైగా ఓ అలవాటు. గీతగీతకీ కుంచె కొసని పెదాల మధ్య పెట్టి, నాలికతో మెలితిప్పి సూదిమొన చేస్తాడు.

"గుడ్డతో తుడుచుకోవచ్చు కదండీ?" అని భార్య ఎన్నిసార్లందో.

"గుడ్డకేం తెలుసే? అయినా కాస్త తియ్యగా కూడా ఉంటుంది!"

ఏడాదిగా ఆయనకి కడుపులో మెలిపెట్టే నొప్పి. ఆకలి చచ్చింది. నాలుగు రోజులకోసారి గానీ విరేచనం కాదు. నేరం ఎవరి మీద? ఇంకెవరి మీద, వంటగది మీద! ఆడలేక మద్దెల ఓడన్నట్టు, శిష్యులందరి ముందూ "విషం వండి పెడుతున్నావే నువ్వు" అన్నాడు.

ముప్పై ఏళ్ళు లొట్టలేసుకుంటూ తిన్న నోరే! ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. అయినా నూనె మార్చింది, కారం తగ్గించింది, కొత్త గిన్నెలు కొంది. "అదే కూర నేనూ తింటున్నాను కదండీ?" అంటే "నీవి రాతిపేగులు" అన్నాడు. ఒకవేళ తన చేతిలోనే ఏదైనా దోషముందేమోనని ఒక్కోరోజు పొయ్యి దగ్గరే నిలబడి ఏడ్చేది పిచ్చితల్లి.

మాస్టారు హోటల్ తిండికి మారాడు. అదీ సయించక సగం రోజులు పస్తే. నొప్పి తగ్గకపోగా రెట్టింపైంది. "హోటలువాడికీ నువ్వే నేర్పావేంటే వంట?"

ఓ పొద్దున కుంచె ఎత్తబోతే కుడి మణికట్టు లేవలేదు. వాడిన తోటకూర కాడలా వేలాడింది. అప్పుడు గానీ ఆయన వంటని తిట్టడం ఆపలేదు. ఆ చెయ్యి పోతే ఈ మనిషిలో ఇంకేం మిగులుతుందని ఆవిడ హడలిపోయింది. ఆటో ఎక్కించి ఆసుపత్రికి లాక్కెళ్ళింది.

డాక్టరమ్మ ఆయన పెదవి ఎత్తి చూసింది. చిగుళ్ళ వెంట నీలిగీత.

"ఏం పని చేస్తారు?"

"కళాకారుణ్ణి."

"రంగుల పనా? కుంచె నోట్లో పెడతారా?"

"ఛఛ! చిన్నపిల్లాణ్ణా?"

సరే, రక్తపరీక్షకి సంతకం పెట్టమంది. మాస్టారు ఎడంచేత్తో పెన్ను అందుకున్నాడు. దాని కొసని పెదాల మధ్య పెట్టి, నాలికతో నిదానంగా మెలితిప్పాడు.

డాక్టరమ్మ చూసింది. భార్య చూసింది. మాస్టారు అందరికంటే ఆఖర్న చూసుకున్నాడు.

భార్య ఆ సీసపు పొడి సంగతంతా చెప్పేసింది.

"అమ్మా, మీ రక్తం కూడా ఇవ్వండి" అంది డాక్టరమ్మ. "ఆ పొడి దులిపేదీ, ఆ చొక్కాలు ఉతికేదీ మీరేగా?"

రెండ్రోజులకి కాగితాలొచ్చాయి. ఆయన ఒంట్లో సీసం బోలెడు. ఆవిడ ఒంట్లోనూ ఉంది, కాస్త తక్కువ. పొడి ఇంట్లోంచి పోవాలంది డాక్టరమ్మ. ఖాళీ కడుపుతో ఉంటే సీసం ఇంకా ఎక్కువ ఒంటికి పడుతుంది, కాబట్టి వేళకి ఇంటి భోజనమే తినాలంది. చెయ్యి నెలల మీద కోలుకోవచ్చట, మునుపటిలా అవుతుందని మాత్రం మాటివ్వలేనంది.

ఇంటికొచ్చాక ఆవిడ కంచం పెట్టింది. ముద్ద కలపబోతే చెయ్యి మళ్ళీ వాలిపోయింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నిన్ను ఎన్ని మాటలన్నానే..."

"అన్నారు. శిష్యులందరి ముందూ అన్నారు. ఇప్పుడు చెప్పండి, ఈ ఇంట్లో ఎవరు ఎవరికి విషం పెట్టినట్టు?"

మాస్టారు తల దించుకుని నోరు తెరిచాడు. ఆవిడ ముద్ద కలిపి నోట్లో పెట్టింది. ఆయన నమిలి మింగేదాకా ఆగింది.

"తియ్యగా ఉందా?" అని అడిగింది.