నిచ్చెన మీంచి పడలేదు

ఆదివారం మధ్యాహ్నం విశ్వతేజ తన భార్య ఊర్మిళను కొట్టాడు. కొట్టడం మొదటిసారి కాదు. మొహం మీద కొట్టడం మాత్రం మొదటిసారి. అంతకుముందు వీపు, భుజం, తొడ, అంటే బట్టలు కప్పే చోట్లే చూసుకుని కొట్టేవాడు. జర్మనీలో, మ్యూనిక్‌లో పెద్ద కార్ల కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాసేవాడికి ఆ మాత్రం తెలివి ఉంటుంది. ఆరోజు ఆ తెలివి కూడా పోయింది.

కారణం చెబితే నవ్వొస్తుంది. హైదరాబాదు నుంచి అత్తగారు శారదాదేవి వీడియో కాల్ చేసి, ఈమధ్య ఏం పని చేస్తున్నావమ్మా అని కోడలిని అడిగింది. ఇంటి పైకప్పుకు వాసాలు ఎక్కిస్తున్నామని ఊర్మిళ ఉన్నమాట చెప్పింది. కొడుకు తల్లికి చెప్పిన కథ వేరు. ఆ కథలో కోడలు ఆర్కిటెక్టు ఆఫీసులో ఏసీ గదిలో కూర్చుని డ్రాయింగులు గీస్తోంది. వడ్రంగి పనా అని ఆవిడ నోరు వెళ్లబెట్టింది. కాల్ అయిపోగానే విశ్వతేజ పిడికిలి బిగించి చెంప మీద గుద్దాడు. కింద పడబోతుంటే మెడ పట్టుకుని ఫ్రిజ్‌కేసి అదిమాడు.

"మా అమ్మ ముంగట నా ఇజ్జత్ తీసినవ్. సుత్తె పట్టుకొని తిరిగేతందుకా నిన్ను ఇక్కడికి తెచ్చింది?"

ఊర్మిళకు ఊపిరి ఆడలేదు. ఆడి ఉంటే, అవును అందుకే అని చెప్పేది.

ఎందుకంటే ఆమె ఆ సుత్తి పట్టుకున్నది బతకడానికే. నిజామాబాదులో సివిల్ ఇంజినీరింగు చదివి, పెళ్లి చేసుకుని వచ్చిన కొద్ది నెలలకే కరోనా వచ్చింది. విశ్వతేజ ఆఫీసు ఇంట్లోకి వచ్చింది. పగలంతా మీటింగుల్లో తియ్యగా మాట్లాడి, ఆ కోపమంతా సాయంత్రం ఆమె మీద చూపించేవాడు. ఊరంతా తలుపులు మూసుకున్నా ఎదురుగా కడుతున్న ఇంటి పని మాత్రం ఆగలేదు. బాల్కనీలో నిలబడి ఊర్మిళ ఆ వడ్రంగులనే చూసేది. పెద్ద పెద్ద దూలాలను క్రేను దింపుతుంటే, వాళ్లు వాటిని గాడిలో కూర్చోబెట్టి, సుత్తితో ఒక్కటి వేసి ముందుకు వెళ్లిపోయేవారు. ఒకరోజు కిందికి దిగి, నాకూ నేర్పుతారా అని అడిగింది. వాళ్లు నవ్వలేదు. కొన్నాళ్లు పని చేయించుకుని చూసి, సెప్టెంబరు నుంచి ఆ కంపెనీలోనే ఆస్‌బిల్డుంగ్‌లో చేర్చుకున్నారు. అంటే పని చేస్తూ, బడికి వెళ్తూ, జీతం తీసుకుంటూ వడ్రంగం నేర్చుకోవడం. డిసెంబరు ఆఖరు దాకా పరీక్షాకాలం. ఈలోగా వద్దనుకుంటే కంపెనీ కారణం చెప్పకుండానే పొమ్మనవచ్చు. అది దాటితే అంత తేలిగ్గా ఎవరూ కదిలించలేరు. ఊర్మిళ ఆ డిసెంబరు ఆఖరు కోసమే ఎదురుచూస్తోంది. ఆ తర్వాత తన కాళ్ల మీద తను నిలబడి, ఆ ఇంట్లోంచి బయటపడాలని ఆమె ఆశ.

చేరిన వారంలోనే ఇవిట్సా అనే క్రొయేషియా ఆయన ఆమెను యూనియన్‌లో చేర్పించాడు. ఆ సైటులో కార్మికుల ప్రతినిధి ఆయన. ఏ చిన్న అన్యాయం కనబడినా కుక్కర్‌లా కూతపెట్టే మనిషి. మేస్త్రీ హూబర్‌కూ ఆయనకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఏడాది కిందట హూబర్ సైటులో రెయిలింగు సరిగ్గా లేక ఒకతను పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. అప్పటినుంచీ హూబర్‌ను పంపించేయాలని యూనియన్ పట్టుబట్టి ఉంది. హూబర్ ఆ చుట్టుపక్కలి బవేరియా పల్లెవాడు. నోరు తెరిస్తే అరుపే. ఊర్మిళ కోసిన చెక్కను ఎన్నోసార్లు అవతలికి విసిరేసి, మళ్లీ కొయ్యమన్నాడు. కాని ఆమె మీద ఏనాడూ చెయ్యి ఎత్తలేదు.

సోమవారం ఊర్మిళ మాస్కు కళ్లదాకా లాక్కుని, మెడకు మఫ్లరు చుట్టుకుని పనికి వెళ్లింది. కరోనా పుణ్యమా అని సగం మొహం కప్పుకున్నా అడిగేవాడు లేడు. కాని మాస్కుతో రొట్టె తినలేం కదా. టిఫిను వేళ ఓ మూల కూర్చుని మాస్కు కిందికి లాగగానే ఇవిట్సా చూశాడు. చెంప వంకాయ రంగుకు తిరిగి ఉంది.

ఏమైందని అడిగాడు.

ఊర్మిళ నోట్లోంచి సిద్ధంగా ఉన్న మాటే వచ్చింది. వాళ్ల పిన్ని అదే చెప్పేది, మేనత్త అదే చెప్పేది. బాత్రూంలో జారిపడ్డానంటే చాలు, నిజామాబాదులో ఎవరూ ఇంకో ప్రశ్న వెయ్యరు. అందరికీ తెలుసు కాబట్టే వెయ్యరు. అయితే ఇల్లు అంటే ఇంటి గురించి అడుగుతారని భయపడి, ఊర్మిళ కాస్త మార్చింది. శుక్రవారం ఇక్కడే నిచ్చెన మీంచి పడ్డానని చెప్పింది.

అక్కడే పప్పులో కాలేసింది. మన దగ్గర పడ్డానంటే మాట అక్కడితో ముగుస్తుంది. ఆ దేశంలో పని దగ్గర పడ్డానంటే అప్పుడే మొదలవుతుంది. ఇవిట్సా రొట్టె పక్కన పెట్టి లేచాడు. ఏ నిచ్చెన, ఎవరు పెట్టారు, ఎందుకు చెప్పలేదు, డాక్టరుకు చూపించావా అని వరసగా అడిగాడు. పనిలో దెబ్బతగిలిన వాళ్లను చూసే ప్రత్యేకమైన డాక్టరుకు మర్నాటికి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు తీసుకున్నాడు. పైఆఫీసుకు ఫోను చేశాడు. వద్దు, పెద్ద దెబ్బేం కాదని ఊర్మిళ బతిమాలిన కొద్దీ, ఈ పిల్ల మేస్త్రీకి భయపడుతోందని ఆయన నమ్మకం గట్టిపడింది.

హూబర్‌ను పిలిచారు. శుక్రవారం నా సైటులో ఎవరూ పడలేదని అరిచాడు. పోయినసారి కూడా ఇలాగే అన్నావని ఇవిట్సా అన్నాడు. హూబర్ ఆ నిచ్చెన తెచ్చి మట్టిలో విసిరికొట్టి, దానిమీద ఎక్కి తొక్కాడు.

"చూడండి. విరిగిందా? ఊగిందా? ఆ అమ్మాయి అబద్ధం చెబుతోంది."

అబద్ధం అన్న మాటకు ఇవిట్సా ఆయన కాలరు పట్టుకున్నాడు. హూబర్ రెండు చేతులతో తోశాడు. ఇవిట్సా వెళ్లి దూలాల మీద పడి, నుదురు చీరుకుపోయింది. రక్తం కళ్లలోకి కారుతుండగానే లేచి, హూబర్ నోటి మీద ఒక్కటిచ్చాడు. పన్ను ఊడి రంపపు పొట్టులో పడింది. ఇద్దరూ కిందపడి దొర్లారు. వాళ్లను విడదీయడానికి నలుగురు కావలసి వచ్చింది. నోట్లోంచి నెత్తురు కారుతున్నా హూబర్ ఒకటే మాట. ఎవరూ పడలేదు, ఎవరూ పడలేదు. ఒక్కడూ నమ్మలేదు. నిజం చెబుతూ గొంతు చించుకునే మనిషిని నమ్మకపోతే ఎలా ఉంటుందో ఊర్మిళకు తెలుసు. తెలిసీ మూగదానిలా నిలబడింది. మర్నాడు విచారణ అని, అక్కడే ఇద్దరి సంగతీ తేలుస్తామని, అప్పటిదాకా మేస్త్రీ పనిలోకి రాకూడదని ఆఫీసు చెప్పింది.

సాయంత్రం విషయం విని విశ్వతేజ ముందు బెదిరాడు. నిచ్చెన మాట వినగానే మొహం వెలిగింది. మంచిగ చెప్పినవ్ అని మెచ్చుకున్నాడు. పెళ్లయ్యాక మొదటిసారి తన చేత్తో చాయ్ పెట్టి ఇచ్చాడు. ఆ చాయ్ చూసి ఊర్మిళకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

"ఆ మేస్త్రీ ఉద్యోగం పోతది."

"పోనీ. వానికేం, ఇంకోటి దొరుకుతది. నువ్వు కూడ రేపు పోయి నాకు చేతకాదని రాసిచ్చిరా. దెబ్బ తాకిందన్న సాకు ఉండనే ఉంది."

ఊర్మిళ కప్పు బల్లమీద పెట్టి, రాసివ్వనంది. హూబర్ తప్పు లేదని రేపు చెబుతానంది. విశ్వతేజ అరవలేదు. ఆమె కుడిచెయ్యి మణికట్టు పట్టుకుని బాల్కనీ దాకా ఈడ్చుకెళ్లి, ఆ చేతివేళ్లను తలుపు సందులో పెట్టి, ఒంటి బరువంతా వేసి తలుపు మూశాడు. ఎముకలు విరిగిన చప్పుడు ఇద్దరికీ వినబడింది. ఇప్పుడు పట్టు సుత్తె, అన్నాడు. తర్వాత ఆఫీసు కాల్ ఉందని లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు.

తెల్లవారి ఊర్మిళ చేతికి తువ్వాలు చుట్టుకుని, దాన్ని కోటు కింద దాచుకుని డాక్టరు దగ్గరికి వెళ్లింది. కరోనా రూలు వల్ల, వెంట వచ్చిన ఇవిట్సాను లోపలికి రానివ్వలేదు. డాక్టరు నడివయసు ఆవిడ. రెండు వేళ్లు విరిగాయని చెప్పి కట్టుకట్టింది. మఫ్లరు తీయమంది. మెడ మీద మచ్చలను చాలాసేపు చూసింది.

"నిచ్చెనకు వేళ్లుండవమ్మా," అంది.

ఊర్మిళ ఎడమచేత్తో మఫ్లరు మళ్లీ మెడకు చుట్టుకుంది. చెబితే ఎక్కడ పడుకోవాలి, వీసా ఏమవుతుంది, అబద్ధం చెప్పినందుకు పనిలోంచి తీసేస్తే ఈ కట్టు చేత్తో ఎక్కడికి పోవాలి. డాక్టరు ఇంకేమీ అడగకుండా, ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్లకు సాయం చేసేవాళ్ల ఫోను నంబరు రాసిచ్చి పంపింది.

సైటులో రేకుల గదిలో విచారణ. కిటికీలు తెరిచి, మాస్కులతో దూరదూరంగా కూర్చున్నారు. హూబర్ వాచిన మూతితో, టోపీ చేతిలో నలుపుకుంటూ, చిన్నపిల్లాడిలా అదే మాట చెబుతున్నాడు. గొంతు కూడా తగ్గిపోయింది. ఊర్మిళకు అది చూడబుద్ధి కాలేదు. అరిచే హూబర్ అంటే భయం ఉండేది కాని, ఇలా గొణిగే హూబర్‌ను చూస్తే తనమీద తనకే అసహ్యం వేసింది. లేచి నిలబడింది.

"నేను పడలేదు. నన్ను కొట్టింది నా భర్త. ఈ చెయ్యి కూడా ఆయనే విరగ్గొట్టాడు. హూబర్ నిజం చెప్పారు."

ఇవిట్సా తల పట్టుకున్నాడు. ఆఫీసు మనిషి, పరీక్షాకాలంలో ఇలాంటి అబద్ధమంటే ఏమవుతుందో తెలుసా అని మొదలుపెట్టాడు. హూబర్ ఆయన్ని ఆపి ఊర్మిళ వైపు తిరిగాడు. కళ్లలో కోపం ఏమీ తగ్గలేదు.

"నిన్ను నేను క్షమించను. నీతో మాట్లాడను. చెయ్యి మానాక రా, పని మాత్రం నేర్పుతాను."

ఆఫీసు మనిషి ఇవిట్సా వైపు చూశాడు. ఈమెను తీసేస్తే సైటులో అందరం పని ఆపేస్తామని ఇవిట్సా అన్నాడు. ఆఫీసు మనిషి కొట్లాటకు ఇద్దరికీ చెరో హెచ్చరిక రాసి, కాగితాలు మూసేశాడు.

వాళ్లు గదిలోంచి బయటికి వచ్చేసరికి గేటు దగ్గర విశ్వతేజ ఉన్నాడు. ఆమె ఫోను ఎత్తకపోవడంతో వచ్చాడు. బయటివాళ్లు రాకూడదని కాపలా అతను ఆపుతున్నా, ఇంగ్లీషులో మర్యాదగా నవ్వుతూ, మా ఆవిడకు ఒంట్లో బాగాలేదు, తీసుకుపోతానని చెప్పి లోపలికి వచ్చేశాడు. దగ్గరికి వచ్చి, ఆ నవ్వు చెదరకుండానే తెలుగులో అన్నాడు.

"నోర్మూసుకొని నడువ్. నీ వీసా నా మీదున్నది, యాదుంచుకో."

హూబర్ ఊర్మిళను చూసి, ఈయనేనా అని అడిగాడు. పని చేస్తున్నవాళ్లంతా అటే చూస్తున్నారు.

"ఈయనే," అంది ఊర్మిళ గట్టిగా, జర్మన్‌లో.

విశ్వతేజకు అది అర్థమైంది. అంతమంది ముందు, పట్టపగలు, చెయ్యి ఎత్తి కొట్టాడు. మాస్కు తెగి ఎగిరిపోయింది. పెదవి చిట్లింది. ఊర్మిళ ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యలేదు. రెండో దెబ్బకు చెయ్యి లేవగానే హూబర్ ఆ చెయ్యి పట్టుకున్నాడు. ఇంకో చెయ్యి ఇవిట్సా పట్టుకున్నాడు. నిన్నటినుంచి ఒకరి మొహం ఒకరు చూసుకోనివాళ్లు ఇద్దరూ కలిసి అతన్ని బురదలో బోర్లా పడేసి, వీపు మీద మోకాళ్లు పెట్టారు. విశ్వతేజ కాళ్లు కొట్టుకున్నాడు. నోట్లోకి మట్టి పోతుంటే తల పక్కకు తిప్పి, పెద్దగా కేకవేశాడు.

"ఊర్మిళా, చెప్పు వీళ్లకు. నువ్వే పడ్డవని చెప్పు."

ఊర్మిళ అతని మొహం దగ్గరికి వంగింది. నోట్లో నెత్తురు పక్కకు ఉమ్మింది.

"నేను పడలే. నువ్వు కొట్టినవ్."

ఆ మాట అక్కడ ఇంకెవరికీ అర్థం కాలేదు. పోలీసులు వచ్చాక అదే మాట వాళ్ల భాషలో, అంతే గట్టిగా చెప్పింది.