చెవి వెనక ముల్లు

ఒమాన్‌లోని షినాస్ అనగానే ఖమరుద్దీన్‌కు ఇప్పటికీ ముందు కోడెల చెవులు గుర్తొస్తాయి, ఆ తర్వాతే సముద్రం.

అది డెబ్బై తొమ్మిది. తిరుపతిలో పశువైద్యం చదివిన కడప మనిషి, భార్య హుస్నా పోయాక అక్కడి ఒక తోటలో కొలువుకు చేరాడు. యజమాని అర్బాబ్ మాంసం కోసం కోడెలను పెంచేవాడు. అమెరికా విత్తనం తెప్పించి, పంపు నీళ్లు పారించి ఫెస్క్యూ అనే గడ్డి వేయించాడు. కోడెలు తొందరగా ఒళ్లు చేయడానికి చెవి వెనక తోలు కింద గింజంత మందుబిళ్లలు పెట్టడం ఖమరుద్దీన్ పని.

ఎండలు ముదిరేనాటికీ కోడెలు ఒళ్లు చేయలేదు. చలికాలపు బొచ్చు రాలలేదు. నాలుకలు బయటపెట్టి రొప్పుతూ నీళ్లతొట్టి చుట్టూ మూగేవి.

"మందు పనికిరాదా, పెట్టినవాడు పనికిరాడా? తేల్చి చెప్పు" అన్నాడు అర్బాబ్.

ఖమరుద్దీన్ చెవులు తడిమి చూశాడు. ఒక దొడ్డిలో బిళ్లలు భద్రంగా ఉన్నాయి. రెండో దొడ్డిలో ఒక్కటీ లేదు. ఉన్నదల్లా పసుపు అంటిన పొక్కులు. ఆ దొడ్డి చూసే కరీంనగర్ పెద్దులును పిలిచాడు.

"ఏమప్పా ఇది?"

"తుమ్మముల్లు ఇరిగి గడ్డ కట్టిందనుకున్న సాబ్. మా దిక్కు సూదితోటి తీసి పసుపు పెడ్తం."

"అన్నిటికీ తీసినావా?"

"నా దొడ్డిల అన్నిటికీ. పక్క దొడ్డి ఇస్తారిగాడు తీయలే. వాడు పశువు మొకం చూసుడే ఎక్కువ, చెవులేం చూస్తడు?" అవి మందుబిళ్లలని ఖమరుద్దీన్ చెప్పగానే పెద్దులు తలగుడ్డ చేతిలోకి తీసుకున్నాడు. "అర్బాబ్ పంపిచ్చేస్తడా సాబ్? ఊర్ల ఇల్లు సగం గోడల మీదున్నది."

ఖమరుద్దీన్‌కు కోపం రాలేదు. హుస్నా అతని కాలి ముల్లు తీసి, నొప్పి తనదైనట్టు ఊదేది.

మందు పాతబడిందని చెప్తే పెద్దులు కొలువు నిలుస్తుంది. కానీ కోడెలు రొప్పుతూనే ఉంటాయి. అన్నిటినీ తూకం వేయించాడు. బిళ్లలున్నవి కాస్త బరువెక్కాయి. రొప్పడం, బొచ్చు మాత్రం రెండు దొడ్లలోనూ ఒకటే. ఆ గడ్డి లోపలే కంటికి కనబడని బూజు పెరుగుతుందని, మేసిన పశువుకు ఒంట్లో వేడి దిగదని ఈమధ్యే ఒక పత్రికలో చదివి ఉన్నాడు.

అర్బాబ్ దగ్గర ఏదీ దాచలేదు. "మందు పనిచేస్తా ఉంది సాబ్. చెడ్డది గడ్డి. పెద్దులు బిళ్లలు తీసిన తప్పు వల్లే గడ్డి సంగతి బయటపడింది."

అర్బాబ్ కహ్వా కాఫీ వంచి గిన్నె చేతికిచ్చాడు.

"ముల్లనుకున్నాడా?"

"అవును."

"మా నాన్న ఒంటెలకు అట్లాగే తీసేవాడు." గడ్డం నిమురుకున్నాడు. "ఆ గడ్డి దున్నించు. లూసర్న్ మేత వేద్దాం. మందు మళ్లీ పెట్టు. ఈసారి ఆ మనిషికి ముందే చెప్పు."

మర్నాడు పెద్దులే ఒక్కో కోడె మెడ పట్టుకున్నాడు. సూది దిగేటప్పుడు దాని నుదుటి మీద చెయ్యి వేసి, "ముల్లు కాదు బిడ్డా, మందు. జర ఓర్సుకో" అన్నాడు. కోడె కదలలేదు.

ఖమరుద్దీన్ ఆ మాటనే తన కడప యాసలోకి తిప్పుకుని, ఆ తర్వాత ఎన్ని ఊళ్లలో ఎన్ని పశువులకు చెప్పాడో.