గంతల పాట

మరిడమ్మ విసిరిన గంతలు పరదేశి గుండెకి తగిలి, పక్కనున్న బాజీ జముకు మీద పడ్డాయి. ఆ వాయిద్యం తీగ తనంతట తానే "జుమ్" అని ఒక్కసారి మూలిగింది.

జముకుల కథ అప్పుడే అయింది. నలభై తొమ్మిది జనవరి, ఉప్మాక సంతబయలు. పొద్దు ఇంకా గూకలేదు. జనం ఎవరి తువ్వాలు వాళ్ళు దులుపుకుని లేస్తున్నారు. ఆ జనాన్ని తోసుకుంటూ వచ్చింది మరిడమ్మ, ముప్పయ్యేళ్ళ మనిషి. చీర కుచ్చెళ్ళు ఎగదోపి ఉన్నాయి, చెమట మొహం.

"నువ్వేనేటి పాటలోడివి? ఇయిగో, నీయే. తీసుకో."

పరదేశి వంగి తీశాడు. గానుగెద్దు కళ్ళకి కట్టే గంతలు. రెండు తోలు ముక్కలు, మధ్యలో నులకతాడు. తాడు కత్తితో కోసి ఉంది.

"నాకెందుకమ్మా ఇయి?"

"ఇప్పుతాం, ఇప్పుతాం అని ఊరూరా అరిసేవు కదా. నా మొగుడు ఇప్పేడు. స్వతంత్రం వచ్చిన ఏడు, మొదటి గానుగాట రోజున, కొబ్బరికాయ కొట్టి, ఊరందర్నీ పిలిసి మరీ ఇప్పేడు. ఎద్దు బెదిరిపోనాది. ఆడి కుడిసెయ్యి సెరుకు గెడతో పాటు గానుగ రోళ్ళలోకి ఎల్లిపోనాది. మోసేతి దాకా."

బాజీ జముకు కింద పెట్టాడు.

"ఆడేడి? వచ్చేడా?" అన్నాడు పరదేశి.

"ఇంటికాడ గడియెట్టి వచ్చేను. నీ పాట ఇనిపిస్తే ఇప్పటికీ ఊగిపోతాడు, సచ్చినోడు." ఆమె అంతే అని, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

పరదేశి పాటగాడు కావడానికి ముందు బెల్లం వండేవాడు. ఇప్పుడూ అదే. శీతాకాలం గానుగాట మొదలైతే తుమ్మపాల చుట్టుపక్కల ఎవరి పెనం దగ్గరైనా అతనే ఉండాలి. పాకం నీళ్ళలో వేసి, వేళ్ళతో ఉండ చేసి, గిన్నెకేసి కొట్టి, ఆ చప్పుడుని బట్టి పెనం దించేవాడు. గంతల పాట కట్టింది మాత్రం జైల్లో. నలభై రెండులో టెలిగ్రాఫు తీగలు తెంపినందుకు ఎనిమిది నెలలు కూర్చోబెడితే, పక్క గదిలో వాళ్ళకి వినపడేలా గోడ మీద కొట్టుకుంటూ కట్టాడు.

తిరిగి తిరిగి ఎద్దా, కాళ్ళరిగిపోయె ఎద్దా,
ఎవుడి కడుపు కోసమే ఈ సీకటి తిరుగుడు?
తెల్లోడెల్లేనాడు, తెల్లారేనాడు,
ఇప్పుతాం నీ గంతలు, ఇసిరేత్తాం ఏటిలోకి!

కథ చెప్పేవాడు ఒక చరణం అంటే, వంత పాడేవాడు దాని తోక అందుకుని జనానికి అందివ్వాలి. అదీ జముకుల కథంటే. వంత లేనివాడు కథ చెప్పడం ఒంటెద్దుతో పొలం దున్నడమే. పరదేశికి వంత బాజీ. అనకాపల్లిలో రేకుపని దుకాణం. లాంతర్లకీ, పాలక్యాన్లకీ అతుకులేసేవాడు. గొంతు బొంగురు. కాని "ఇప్పుతాం!" అని అతను ఎత్తుకుంటే వెయ్యి మంది అందుకునేవారు. పరదేశి పాటకి పేరు తెచ్చింది ఆ ఒక్క మాటే.

ఇప్పుడు ఆ మాటకి ఒక చెయ్యి పోయింది.

తర్వాత పది రోజులు పరదేశి ఒక చోట నిలబడలేదు. చిన్నమ్మలు తోటలో పెనం దగ్గర వంటకి కుదిరాడు గాని మనిషక్కడ లేడు. మడ్డి తీసే జల్లిగరిటె పట్టుకుని గానుగ చుట్టూ తిరిగేవాడు, ఎద్దు వెనకాలే ఎద్దులాగ. పెదాలు కదిలేవి. చిన్నమ్మలు తన అరెకరం చెరుకు తానే నరికించుకుని, తానే గానుగాడించుకునే విధవ మనిషి. ఆమెకి ఒళ్ళు మండింది.

"ఓ పాటలోడా! ఎద్దుకి తోడు కాడి కట్టమంటావేటి నీక్కూడా? మడ్డి పొంగుతంది సూడు!"

సైకిలు మీద బాజీ వచ్చింది ఆ రోజే. శనివారం అనకాపల్లి బెల్లం బజారులో చెరుకు రైతుల సభ. సూర్యనారాయణ గారు పెట్టిస్తున్నాడు. నలభై రెండులో పరదేశితో పాటు జైల్లో ఒకే కంబళి కప్పుకున్నవాడు. ఇప్పుడు నెత్తి మీద గాంధీ టోపీ, తాలూకా కాంగ్రెస్ కమిటీకి పెద్ద. ఇస్త్రీ చెయ్యని చొక్కా ఆయన ఒంటి మీద చూసి రెండేళ్ళయింది. తోటలో ఆయిలింజను గానుగ పెట్టాడు, పాత కూలీల్ని పొమ్మన్నాడు.

"గంతల పాటే కావాలంట," అన్నాడు బాజీ. "జనం దానికే వత్తారు, వేరేది వద్దు అని కబురెట్టేడు."

"అది పాడను. కొత్తది కట్టేను. ఇను."

పరదేశి గరిటె పక్కన పెట్టి మొదలెట్టాడు.

నోరు నాది, పాట నాది, నెత్తురు మాత్రం ఆడిది,
ఇప్పుతామన్నాను గాని, ఇప్పితే ఏటో సెప్పలేదు.
టోపీ మారింది గాని రోళ్ళు మారలేదయ్యా,
ఇనకండి నా పాట, ఇంటే సెయ్యి పోద్ది!

బాజీ నెమ్మదిగా, "ఈ పాటకి వంత ఏటి బావా?" అన్నాడు. "పోద్ది, పోద్ది అని నేనరవాలా? వెయ్యి మంది సేత పోద్ది అనిపించాలా? దుకాణానికి తాళమేసి, మూసేమని బోర్డు కట్టి, ఆ బోర్డు ముందు డప్పు కొట్టినట్టుంది."

"నిజమా కాదా సెప్పు."

"నిజమైతే?"

"నిజమైతే పాడాలి. ఇన్నాళ్ళూ అబద్ధం పాడేను."

"అరే, నువ్వొక్కడివే పాడేవా?" బాజీ సైకిలు స్టాండు వేశాడు. వేసిన చప్పుడుకి ఎద్దు చెవులు రిక్కించింది. "ఇను. నలభై ఏడులో మా వీధిలో సైదా సాహెబ్ కొట్టు మూయించేరు. నన్ను నాలుగు రోడ్ల కాడ ఆపి, బాజీ, పాకిస్తానుకి టిక్కెట్టు తీసేవా అని నవ్వేరు. నేనేటీ అనలేదు. ఆ శుక్రవారమే సబ్బవరంలో కథ. ఆ నవ్వినోడే ముందు వరసలో కూకున్నాడు. నేను ఇప్పుతాం అన్నాను. ఆడూ అన్నాడు, నాకేసి సూసి, గొంతు సించుకుని. ఆ మాట నా రేషను కార్డు బావా. అది అబద్ధమని నువ్వంటే నేనెక్కడ నిలబడాలి?"

"ఆడి సెయ్యి పోయింది బాజీ."

"ఇప్పించింది నువ్వు కాదు."

"నేను కాదేటి? మరెవులు?"

పెనం మీద పాకం ముదిరిపోయింది. వాసన ముందు చిన్నమ్మలుకే తగిలింది. ఆమె పరిగెత్తుకొచ్చి పెనం లాగే సరికి పసుపుపచ్చగా రావలసిన బెల్లం కాకి నలుపుకి తిరిగింది. నడుం మీద చెయ్యేసుకుని ఇద్దరివంకా చూసింది. "మీ పాటలు పాడుగాను, మీ ఇద్దర్లో ఎవులు గెలిసేరో గాని ఓడింది నేను," అంది. పరదేశి ఆ మాడు బెల్లం ముక్క విరిచి నోట్లో వేసుకున్నాడు. చేదు. ఉమ్మలేదు.

శనివారం మధ్యాహ్నానికి బెల్లం బజారు నిండిపోయింది. ఊళ్ళ నించి వచ్చిన బళ్ళు చక్రాలు ఆనించి వరసగా నిలబెట్టారు. వాటిలో ఒకటి వేదిక. సూర్యనారాయణ గారు కుర్చీలో కూర్చున్నాడు. పరదేశి బండెక్కాడు. నడుముకి మరిడమ్మ విసిరిన గంతలు కట్టుకున్నాడు. బాజీ పక్కన కూర్చున్నాడు గాని జముకు ఒళ్ళో బోర్లించాడు.

"కొత్తది పాడేవంటే నా నోరు లెగదు," అన్నాడు పళ్ళ మధ్య నించి. "ముందే సెప్తన్నాను."

"లెగకపోతే లెగకపోనీ."

పరదేశి పాత పాటే ఎత్తుకున్నాడు. జనం ఊపిరి పీల్చారు. తిరిగి తిరిగి ఎద్దా. బాజీ జముకు తిరగేశాడు, మొహం తేటపడింది. కాళ్ళరిగిపోయె ఎద్దా. ముందు వరసలో ముసలాళ్ళు తలలూపారు. తెల్లోడెల్లేనాడు అన్నాక పరదేశి ఆగాడు. గంతలు విప్పి పైకెత్తి పట్టుకున్నాడు. అక్కణ్ణించి కొత్త పాట. మరిడమ్మ మొగుడు ఉప్మాక అప్పలరాజు పేరు, కొబ్బరికాయ, బెదిరిన ఎద్దు, రోళ్ళు, మోచెయ్యి. టోపీ మారింది గాని.

ఇనకండి నా పాట, ఇంటే సెయ్యి పోద్ది!

వంత రాలేదు. ఆ ఖాళీ ఎంత పెద్దదో పరదేశికి అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళలో ఏనాడూ చరణం చివర గాలి వినపడలేదు.

తర్వాత వెనకనించి ఎవడో కేక పెట్టాడు. "నిజం సెప్పేడ్రా! టోపీలోళ్ళకి తగలాల!" ఇంకొకడు, "దింపండి ఆణ్ణి! కాంగ్రెస్సు కూడు తిని కాంగ్రెస్సునే తిడతాడు!" అన్నాడు. చెరుకు పిప్పి ముద్ద వచ్చి పరదేశి చెవికి తగిలింది. తడిగా, తియ్యగా కారింది. ఇటు నించి అటు, అటు నించి ఇటు పిప్పి లేచింది. రెండు బళ్ళ వాళ్ళు చొక్కాలు పట్టుకున్నారు. "పాత పాట! పాత పాట!" అని ఆడవాళ్ళ వైపు నించి ఒకటే అరుపు. సూర్యనారాయణ గారు లేచి చేతులు ఊపుతున్నాడు, ఎవరూ చూడటంలేదు.

పరదేశి మళ్ళీ అన్నాడు, గొంతు చించుకుని. "ఇంటే సెయ్యి పోద్ది!"

"పోతే నాది పోనాది! నీకేటి నొప్పి?"

బండి కిందే నిలబడి ఉన్నాడతను. బక్కపలచటి మనిషి. కుడి చొక్కా చెయ్యి మడిచి పిన్నీసు పెట్టి ఉంది. వెనకాల మరిడమ్మ చొక్కా పట్టుకుని లాగుతోంది. లాగుతున్నా ఆగేలా లేడు.

పరదేశి పైకెత్తిన గంతలు దించాడు.

"నా పేరు ఎవుణ్ణడిగి ఎట్టేవు మామా పాటలో?" అన్నాడు అప్పలరాజు. "సెయ్యి పోనాది, సరే. ఎందుకు పోనాదంటే సెప్పుకోడానికి నాకు ఒక మాటున్నాది. గంతలిప్పేను, పోనాది. ఊళ్ళో బడికెల్లే గుంటలు కూడా అలాగే సెప్తారు. నువ్వొచ్చి ఆ మాట అబద్ధం అంటే, నేనింక తాగి పడ్డోణ్ణి, ఎర్రోణ్ణి. అంతేనా? సెయ్యి రోళ్ళు తినేయి. మాట నువ్వు తినేత్తావా?"

జనం సద్దుమణిగారు. అప్పలరాజు బండి చక్రం మీద కాలేసి, ఎడం చేత్తో పట్టె పట్టుకుని, తనే పాట ఎత్తుకున్నాడు. పాటగాడు కాడు. శ్రుతి లేదు, తాళం లేదు. తిరిగి తిరిగి ఎద్దా. మధ్యలో దగ్గు. ఇప్పుతాం నీ గంతలు అనే చోటికి వచ్చేసరికి బాజీ పరదేశి వంక చూడలేదు. జముకు తీగ లాగి, కళ్ళు మూసుకుని అందుకున్నాడు.

"ఇప్పుతాం!"

సగం బజారు అంది. తక్కిన సగం అనలేదు, పిప్పి చేత్తో పట్టుకుని నిలబడింది. పరదేశి ఏ సగంలోనూ లేడు. సొంత పాట బయట నిలబడ్డాడు, వానలో ఇంటి బయట నిలబడ్డట్టు.

సూర్యనారాయణ గారు దండ పట్టుకుని గబగబా దిగి వచ్చాడు. అప్పలరాజు మెడ పక్కకి తిప్పాడు.

"దండేత్తే దండం ఎట్టాలి బాబూ. దానికి రెండు సేతులు కావాలి. నాకు లేవు."

కొందరు నవ్వారు. ఆయన నవ్వలేదు.

సభ ఎలా ముగిసిందో ఎవరూ చెప్పలేరు. ముగిసింది. బళ్ళ వెనక పరదేశి మొహం కడుక్కుంటుంటే అప్పలరాజు వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. కోపం దిగిపోయింది, అలసట మిగిలింది.

"నా పేరు తీసెయ్యి మామా."

"తీసేత్తాను."

"పాత పాట పాడు."

"నోట రాదురా. పట్టుకుని లాగినా రాదు." పరదేశి గంతలు ఇవ్వబోయాడు. అప్పలరాజు తీసుకోలేదు.

"అయితే ఇంకోటి కట్టు. ఎద్దు ఏటి సూసిందో అది కట్టు. ఏడాది బట్టీ అదే నా బుర్రలో తిరుగుతంది. ఆ రోజు తాడు కోసేను. కోసి జనం వంక సూసేను. అందరూ సప్పట్లు కొడతన్నారు, నేను నవ్వుతన్నాను. ఎడం సేత్తో గంతలు పైకెత్తి సూపించేను, కుడిసేత్తో గెడ రోళ్ళకి అందిత్తన్నాను. ఎద్దు మొహం సూడ్లేదు మామా. ఒక్క మారు దాని మొహం వంక సూసుంటే తెలిసేది. అదీ నేను సేసిన తప్పు. గంతలిప్పడం కాదు."

పరదేశి చేతిలో చెంబు కింద పెట్టాడు. ఇందాక బండి మీద తనూ గంతలు పైకెత్తి పట్టుకున్నాడు. జనం వంకే చూశాడు. కింద, నాలుగు మూరల దూరంలో, ఈ మొహం ఉంది.

మర్నాడు పొద్దున్నే పరదేశి చిన్నమ్మలు తోటకి వచ్చాడు. పెనం కింద మంట అప్పటికే లేచింది. ఎద్దు తిరుగుతోంది, గానుగ కీచుమంటోంది. పరదేశి పెనం దగ్గరికి పోలేదు. తిన్నగా వెళ్ళి ఎద్దుకి ఎదురు నిలబడ్డాడు. ఎద్దు అతని గుండెకి మూతి తగిలి ఆగింది.

"అదేటి పని? ఆపీసేవేటి?" అంది చిన్నమ్మలు. "సెరుకు నరికేసున్నాది నాయనా, ఎండిపోద్ది!"

పరదేశి రెండు చేతులతో ఎద్దు మొహం పట్టుకున్నాడు. తాడు ముడి దొరికింది. ముడి మీద వేలుంచి, ఎద్దు ఊపిరి ఎలా తీస్తోందో చూశాడు. వెనకాల సైకిలు స్టాండు వేసిన చప్పుడు. ఎవరో గుర్తుపట్టడానికి తిరగక్కర్లేదు. తిరగలేదు కూడా. ఈసారి ఎద్దు మీద నించి కళ్ళు తియ్యదలుచుకోలేదు.

అడుగులు గానుగ దగ్గరికి వెళ్ళాయి. రోళ్ళ మధ్యనించి గెడలు ఒక్కొక్కటీ ఊడదీసి పక్కన పడేస్తున్న చప్పుడైంది. తర్వాత కాడి మేకు లాగిన చప్పుడు.

"రోళ్ళలో ఏటీ లేదు బావా," అంది బొంగురు గొంతు. "కాడి ఇడిపించేను. సిన్నమ్మలక్కని ఎనక్కి నిలబెట్టేను. ఇప్పు."